కొమ్ముల కొలత

విజయచిహ్నమునకు పాశ్చాత్యులు పెట్టుకొన్న పేరు ‘ట్రోఫీ’. ఈ మాటకు మూలము గ్రీకు భాషలో ఉన్నది. యుద్ధములో శత్రుసేన వెన్ను చూపి మరలిన చోట, గెలిచినవారు ఒక మొద్దును పాతి, దానికి ఓడినవారి డాలును, శిరస్త్రాణమును, ఈటెను వ్రేలాడదీసెడివారు. ‘మరలుట’ అను అర్థము గల మాట నుండియే ఆ గురుతునకు పేరు వచ్చినది. దానిని రాతితో గాక కర్రతోనే నిలిపెడివారనియు, వైరము కలకాలము నిలువరాదనుటయే అందులోని ఆశయమనియు ప్రాచీన రచయితలు చెప్పినారు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఆ మొద్దు కొన్నాళ్ళకు మట్టిలో కలిసిపోయెడిది.

రెండువేల యేండ్ల తరువాత ఆ మాట యుద్ధభూమిని విడిచి వేటకాని ఇంటి గోడ నెక్కినది. అక్కడ అది శిథిలము కాదు. చర్మమునకు మందు పూసి, గాజుకండ్లు పెట్టి, క్రింద ఇత్తడి రేకుపై తేదీని, కొమ్ముల కొలతను చెక్కింతురు. ఆఫ్రికా ఖండములో వేటకాండ్రు ‘పంచమహామృగములు’ అని ఎన్నుకొన్న సింహము, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, మహిషములలో ఆ గోడలపై విరివిగా కనిపించునది మహిషము తల. ఏ తల గోడ నెక్కదగినది? ఏది తగనిది? ఇది వేటగాండ్ర విందుసంభాషణలకే పరిమితమైన చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని ఈ ప్రశ్నకు ఏ కాలమున ఏ సమాధానము చెప్పుకొన్నారో, ఆ కాలమున ఆ మృగము చచ్చినది. కొలబద్ద మారినప్పుడెల్ల మందలో చావవలసిన ప్రాణి మారినది. అందుచేత కొమ్ముల కొలత చరిత్రకారుడు కూడ పట్టించుకొనదగిన విషయమే.

మొదట ఆ మృగమును గూర్చి నాలుగు మాటలు. మన పల్లెల చెరువులలో మునిగి సేదదీరు గేదెకును, ఆఫ్రికా మహిషమునకును రూపసామ్యమే గాని దగ్గరి చుట్టరికము లేదు. మన గేదె ఒక ప్రజాతికి చెందినది; అది వేరొక ప్రజాతికి చెందినది. వేల యేండ్లుగా మనుష్యుని పశువులతో పాటు ఒకే పచ్చికను మేయుచున్నప్పటికిని అది ఎన్నడును మచ్చిక కాలేదు. కాడి మోయలేదు, పాలు ఇవ్వలేదు. లిన్నేయసు పండితుని శిష్యుడును స్వీడనుదేశీయుడును అయిన ఆండర్స్ స్పార్‌మన్ 1770 ప్రాంతములలో దక్షిణాఫ్రికాలోని కేప్ సీమలో సంచరించి, 1779లో దానికి శాస్త్రీయనామము నిచ్చినాడు. నిండు వయస్సు వచ్చిన పోతు ఐదువందల నుండి తొమ్మిదివందల కిలోల వరకు తూగును. గర్భధారణ కాలము పదునొకండు నెలలకు పైబడియుండును. అనగా మందలో పోయిన ప్రాణికి బదులు మరియొకటి త్వరగా రాదు.

దాని కొమ్ముల నిర్మాణము విచిత్రమైనది. అవి నెత్తి నుండి ముందు ప్రక్కలకు దిగి, పిదప పైకి లేచి, లోపలికి వంగును. పోతు కొమ్ముల మొదళ్ళు క్రమముగా వెడల్పై, ఒకదానినొకటి తాకి, నొసటిపై గరుకైన కవచమువలె గట్టిపడును. ఇంగ్లీషు వేటకాండ్రు దీనిని ‘బాస్’ అందురు. మనము ఫాలకవచము అందుము. రెండు పోతులు తలపడునపుడు దెబ్బను కాచుకొనునది ఇదియే. చిన్నవయస్సులో రెండు మొదళ్ళ నడుమ మెత్తని భాగమును, దానిపై వెండ్రుకలును ఉండును. ఏడెనిమిదేండ్లు నిండునప్పటికి గాని ఆ భాగము పూర్తిగా గట్టిపడదు. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ అంతయు చివరకు దీని వద్దకే వచ్చి చేరును.

తుపాకి రాకముందు ఆఫ్రికావాసులకు మహిషము విలువ కొమ్ములలో లేదు. మాంసములో, తోలులో ఉన్నది. తూర్పు ఆఫ్రికాలో మసాయి వీరుల పొడవైన డాళ్ళు మహిషచర్మముతో చేసినవి. పశుపాలకులైన మసాయిలకు వేట గౌరవప్రదమైన వృత్తి కాదు. అడవులలో వేటాడి, తేనె తీసి బ్రతికెడి ఒకియెక్ జనులు వారికి ఆ తోళ్ళను సమకూర్చెడివారు. మంచి మహిషము ఏదని ఒకియెక్ వేటగాని నడిగినచో, మందమైన తోలు గలదియు, నాలుగు కుటుంబములకు మాంసమైనదియు అని చెప్పియుండును. ఆ కొలతలో గోడకు చోటు లేదు. చంపినది వాడుకలోనే అరిగిపోయెడిది.

టేపు లండను నుండి వచ్చినది. ఆ నగరములోని పికడిల్లీ వీధిలో రోలండ్ వార్డు అను వర్తకుడుండెడివాడు. చచ్చిన మృగముల చర్మములను శుద్ధిచేసి, లోన కూర్చి, ప్రాణమున్నట్లు నిలబెట్టుట అతని వృత్తి. సామ్రాజ్యపు నలుమూలల నుండి దొరలు పంపిన తలలు, చర్మములు అతని అంగడికి చేరెడివి. ఎవరి కొమ్ములు పెద్దవి అను వాదములకు అంతు లేకపోగా, 1892లో అతడు ప్రపంచములోని పెద్ద మృగముల కొమ్ముల కొలతలను, బరువులను పట్టికలుగా కూర్చి ఒక గ్రంథమును ప్రకటించినాడు. వార్డు 1912లో మరణించినను ఆ గ్రంథము మరల మరల క్రొత్త ముద్రణలు పొందినది. ఆఫ్రికా మహిషము విషయములో అది చూచినది ముఖ్యముగా వెడల్పు: ఒక కొమ్ము వెలుపలి అంచు నుండి రెండవ కొమ్ము వెలుపలి అంచు వరకు గల దూరము. దక్షిణ, తూర్పు ఆఫ్రికాల మహిషమునకు 42 అంగుళములు హద్దుగా స్థిరపడినది. నలుబదిరెండు ఉన్నచో గ్రంథములో పేరుండును; నలుబదియొకటి అయినచో ఉండదు.

మన దేశమునకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. పులిని కొలుచుటలో ఇచ్చటి వేటకాండ్రు రెండు పక్షములుగా చీలిన సంగతి ప్రసిద్ధమే. ముక్కుకొన వద్ద ఒక మేకు, తోకకొన వద్ద ఒక మేకు పాతి నడుమ దూరమును తీసికొనుట ఒక పద్ధతి. శరీరపు వంపుల వెంట టేపును జరుపుట రెండవది. రెండవ పద్ధతిలో చచ్చిన పులి కొన్ని అంగుళములు పెరుగును. వైస్రాయిలు వేటకు వచ్చినపుడు సంస్థానాధీశులు అడుగునకు పదకొండంగుళములే గల టేపును తెప్పించెడివారని ఒక చమత్కారపు కథయు ప్రచారములో ఉండెడిది. కథ నిజమైనను కాకున్నను, అది పుట్టిన మనఃస్థితి నిజము. మృగము కంటె సంఖ్య ముఖ్యమైనప్పుడు సంఖ్యను సాగదీయుట మానవస్వభావము.

ఈ మనఃస్థితిని నిర్మొగమాటముగా వ్రాసినవాడు అమెరికా రచయిత హెమింగ్వే. 1933-34లలో టాంగనీకాలో తాను చేసిన వేటయాత్రను గూర్చి 1935లో వెలువరించిన గ్రంథములో ఆయన కుడూ అను జింకజాతి మృగము కొరకు రోజుల తరబడి పడిన శ్రమను వర్ణించినాడు. తుదకు మంచి కొమ్ములు గల దానిని సాధించి సంతోషముతో శిబిరమునకు తిరిగివచ్చును. అక్కడ తన మిత్రుడు తెచ్చిన కుడూ కొమ్ములు తన వాటికంటె చాల పెద్దవిగా కనిపించును. ఆ క్షణమున ఆయన ఆనందమంతయు అసూయగా మారును. అడవి అదే, శ్రమ అదే, మృగము అదే; ప్రక్కన మరియొక జత కొమ్ములు నిలువగనే విలువ తరిగిపోయినది. టేపు మీద బ్రతుకు ఆనందమునకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

అయితే వార్డు పట్టికలు అచ్చుపడుచున్న ఆ సంవత్సరములలోనే ఆఫ్రికాలో ఏ తుపాకియు చేయలేని సంహారము జరుగుచుండెను. దానికి మన దేశముతో దుఃఖకరమైన సంబంధము కలదు. 1887లో ఎర్రసముద్ర తీరమునందలి మసావా రేవులో ఇటలీ సైన్యము దిగినది. సైనికుల ఆహారము కొరకు తెచ్చిన భారతదేశపు పశువుల వెంట రిండర్‌పెస్ట్ అను పశుమారి ఆ ఖండమున అడుగుపెట్టినదని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. ఆ తెగులును ముందెన్నడు ఎరుగని పశువులకు దానిని తట్టుకొను శక్తి లేదు. ఇథియోపియాలో దుక్కిటెద్దులు చచ్చి, పొలములు బీడుపడి, 1888 మొదలు 1892 వరకు ఘోరమైన కరవు వచ్చినది. మసాయి సీమలో మందలు తుడిచిపెట్టుకొని పోయినవి. 1890లో తూర్పు ఆఫ్రికా మీదుగా పయనించిన లుగార్డు అను ఆంగ్లాధికారి దారిపొడుగున మహిషముల కళేబరములను చూచినట్లు వ్రాసినాడు. 1896లో ఆ తెగులు జాంబెజీ నదిని దాటినది. మరుసటి యేట కేప్ సీమకు చేరినది. పశువులతో పాటు, పశువులకు జ్ఞాతులైన అడవి మహిషములును అనేక ప్రాంతములలో నూటికి తొంబదివంతున నశించినవి.

వేటకాండ్రలో వివేకవంతులు దీనిని చూచి కలతపడిరి. ఆఫ్రికా వన్యమృగముల రక్షణకై 1900 మే నెలలో లండనులో ఐరోపా రాజ్యములు ఒక ఒడంబడికపై చేవ్రాలు చేసినవి. ఆ సభలో ఆఫ్రికావాసి ఒక్కడును లేడు. దాని వెనువెంట పెరిగిన చట్టములలో, రుసుము చెల్లించి తుపాకితో చంపినవాడు క్రీడాకారుడైనాడు. తాతల నాటి నుండి ఉచ్చుతో, విల్లుతో తిండికై చంపినవాడు దొంగ అయినాడు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు నైరోబీకి సమీపమున ఉన్న కామితీ జమ్ముపొదలలో మహిషములను వేటాడినాడు. ఆయనయు, ఆయన కుమారుడును కలిసి ఆ యాత్రలో చంపిన మృగములు 512. వాటిలో చాల భాగము వాషింగ్టనులోని స్మిత్సోనియన్ వస్తుసంగ్రహశాలకు శాస్త్రార్థము చేరినవి. ఆ పని విజ్ఞానమునకు ఉపకరించినదనుటలో సందేహము లేదు. కాని తన పొలముకట్టున మహిషమును చంపిన పల్లెవానికి అదే కాలమున కారాగారము ప్రాప్తించెడిది.

మృగము మాత్రము తిరిగి లేచినది. ఈ పునరుజ్జీవనములోను భారతదేశమునకు కొంత పాలు కలదు. హిమాలయ పాదప్రాంతమున ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధనశాలలో 1920 ప్రాంతములలో ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ఆ తెగులు క్రిమిని మేకల శరీరములలో వరుసగా పెంచి, దాని తీవ్రతను తగ్గించి, టీకాగా మలచినాడు. పిదప 1960 ప్రాంతమున కెన్యాలో ప్లౌరైటు మరింత మేలైన టీకాను సిద్ధపరచినాడు. సెరెంగెటీ మైదానముల చుట్టునున్న పశువులకు టీకాలు వేయగా, 1963 నాటికి అడవి మృగములలో కూడ ఆ తెగులు మాయమైనది. అడవి మహిషములకు ఎవ్వరును సూది గుచ్చలేదు. పల్లె పశువు బాగుపడగా అడవి పశువు తానే బాగుపడినది. తరువాతి పదిపదునైదేండ్లలో అక్కడి మహిషముల సంఖ్య దాదాపు నాలుగింతలైనది. ప్రపంచములో రిండర్‌పెస్ట్ కడపటిసారి కనిపించినది 2001లో కెన్యాలోని మేరు ఉద్యానవనమున, అడవి మహిషముల మందలోనే. 2011లో ఆ వ్యాధి భూమి మీద లేకుండ పోయినదని ప్రకటించినారు. మన రేవుల నుండి బయలుదేరిన మృత్యువు నూట పదియేండ్లకు పైగా తిరిగి తిరిగి, తుదకు ఆ మృగముల నడుమనే కన్ను మూసినది.

ఇట్టి వినాశమును దాటివచ్చిన జాతి నుండి ఒకదానిని ఎన్నుకొని చంపదలచినవాడు ఏ కొలతను చేపట్టవలెను? అసలు ప్రశ్న ఇచ్చట మొదలగును.

వెడల్పు కొలత యొక్క లోపము మృగము శరీరములోనే వ్రాసియున్నది. పోతుకు ఏడెనిమిదేండ్లు నిండకముందే కొమ్ముల వెడల్పు దాదాపు పూర్తిగా ఏర్పడును. కాని అప్పటికి ఫాలకవచము ఇంకను మెత్తగనే ఉండును. ఆ కవచము గట్టిపడి, తోడి పోతులతో తలపడి గెలిచి, గేదెలతో జతకట్టు కాలము ఆ తరువాత వచ్చును. అందుచేత వెడల్పునే చూచి తుపాకి ఎత్తువాడు, విశాలమైన కొమ్ములు గల పడుచుపోతును, తన సంతానమును మందకు ఇంకను ఇవ్వని దానిని, పడగొట్టు ప్రమాదమున్నది. గ్రంథములో దాని పేరు ఎక్కును. మందలో దాని వంశము ఎక్కదు. 1970ల ఆరంభమున అమెరికాలో పుట్టిన సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ అను వేటకాండ్ర సంఘము వేరొక లెక్కను తెచ్చినది. అది ఒక కొన నుండి రెండవ కొన వరకు వంపుల వెంట కొలిచి, ఫాలకవచముల వెడల్పును కూడ కలుపును. ఇది కొంత మెరుగే. అయినను అంగుళము అంగుళమే. వయస్సు అంగుళములలో తెలియదు.

ముసలిపోతు సంగతి చూడుడు. పదేండ్లు దాటిన తరువాత అది క్రమముగా పెద్దమందను విడిచిపోవును. తనవంటి ఇద్దరు ముగ్గురితో కలిసి, కొన్నిచోట్ల ఒంటరిగా, నీటిపట్టుల వద్ద బురదలో పొర్లుచు కాలము గడుపును. దక్షిణాఫ్రికా వేటకాండ్రు వీటిని ‘డగ్గా బాయ్స్’ అందురు. ‘డగ్గా’ అనగా ఆ సీమలో గోడలకు మెత్తెడి బురదమట్టి. ‘బురదరాయుళ్ళు’ అని మనము అనుకొనవచ్చును. ఏండ్ల తరబడి మట్టిని చిమ్మి, చెట్లను రాచి, పోరాడి, వీటి కొమ్ముల కొనలు అరిగిపోయి ఉండును. ఒక్కొక్కసారి ఒక కొన విరిగియు ఉండును. చెవులు చీలికలై, ముఖముపై వెండ్రుకలు రాలి, మచ్చలు తేలియుండును. ఫాలకవచము మాత్రము రాయివలె గట్టిపడి, నడుమ వెండ్రుక మొలవని ఎముకమయమై యుండును. వార్డు పట్టికలో వీటిలో చాలవాటికి చోటు దొరకదు. అయినను అనుభవజ్ఞులైన వేటకాండ్రలో ఈనాడు అనేకులు గౌరవించునది ఈ అరిగిన కొమ్ములనే. పోతు తన పనిని ముగించినది. మంద దానిని కోల్పోయినను సంతానము నిలుచును. అనేక వేటలను, సింహములను, కరవులను తప్పించుకొని బ్రతికిన తెలివి దానిది. చంపిన తరువాత దవడపండ్ల అరుగుదలను పరీక్షించి వయస్సును నిర్ణయించు పద్ధతియు ఉన్నది. అప్పుడు అబద్ధమాడుటకు టేపువలె సాగెడి వస్తువేదియు ఉండదు.

ఈ కొలత వేటకాని నుండి మరియొకటి కోరును: ఓర్పు. వెడల్పును దూరము నుండియే చూడవచ్చును. ఫాలకవచము గట్టిదా మెత్తనిదా అని తెలిసికొనుటకు చాల దగ్గరకు పోవలెను. గాలివాటము చూచుకొని, గంటల తరబడి అడుగుజాడలను వెంబడింపవలెను. సందేహము కలిగినచో తుపాకి దించి మరలిపోవలెను. గాయపడిన మహిషము పొదలో పొంచి, వెంబడించు మనుష్యునిపైకి తిరుగబడునని ఆఫ్రికా వేటకథలన్నియు చెప్పును. దానిని అట్లే విడిచి పోరాదు, ప్రాణమునకు తెగించియైనను వెదకి బాధ తీర్పవలెననుట ఆ వేటలో అలిఖిత ధర్మము. ఈ ధర్మమును పాటింపని వాని గోడపై నలుబదియైదు అంగుళముల కొమ్ములున్నను అవి కొన్న వస్తువులే.

వేటగాని నీతియే సర్వస్వమనుకొనుటయు పొరపాటు. మృగము బ్రతుకు అతనికన్న పల్లెవాని చేతిలో ఎక్కువగా ఉన్నది. మొజాంబికులో జాంబెజీ నది సముద్రమున కలియు చోట, మరోమ్యూ చిత్తడినేలలలో, 1970లలో పదుల వేల మహిషములుండెడివి. 1992లో ముగిసిన అంతర్యుద్ధకాలమున మాంసము కొరకు జరిగిన సంహారముతో అవి కొద్ది వేలకు పడిపోయినవి. అక్కడ ఎవ్వరును కొమ్ములు కొలువలేదు. జింబాబ్వేలో 1989లో ఆరంభమైన ‘క్యాంప్‌ఫైర్’ పథకము, వేటరుసుములో ఒక భాగము మృగములతో కలిసి బ్రతుకు గ్రామములకు అందవలెనని ఉద్దేశించినది. సొమ్ము జిల్లా కార్యాలయముల వద్దనే చిక్కుపడుచున్నదను ఫిర్యాదులు వచ్చినప్పటికిని, పంటను త్రొక్కిన మహిషము పల్లెకు శత్రువు మాత్రమే కాక ఆస్తి కూడ కావచ్చునను భావమును అది నాటినది. కెన్యా 1977లో వేటను పూర్తిగా నిషేధించినది. అయినను తరువాతి నలుబదియేండ్లలో అచ్చటి వన్యమృగముల సంఖ్య సగమునకు మించి తగ్గినది. జనము, పశువులు, కంచెలు పెరుగుటయు, దొంగవేటయు అందుకు కారణములు. వేటను విడిచినంత మాత్రమున మృగము బ్రతుకదు. అనుమతించినంత మాత్రమునను బ్రతుకదు. దాని పచ్చికకు, నీటికి, దాని ప్రక్కనున్న మనుష్యునికి లెక్కలో చోటున్నపుడే బ్రతుకును.

ఈ వ్యాసకర్త వేటకాడు కాడు. మహిషమును చంపుట గొప్ప అని ఒప్పుకొనువాడును కాడు. మన దేశము 1972 నాటి చట్టముతో ఆ దారిని విడిచినది. అది మంచిదే అయినది. కాని ఆఫ్రికాలో అనేక దేశములు వేటను అంగీకరించి, దానిపై వచ్చు ధనముతో అడవిని నిలుపుకొన జూచుచున్నవి. అక్కడ వేట ఉన్నంతకాలము ఏ పోతు చావవలెననునది ధర్మప్రశ్నయే. పడుచుపోతును విడిచి, అరిగిన కొమ్ముల ముసలిపోతును ఎన్నుకొనువాడు తన కీర్తిలో కొన్ని అంగుళములు వదలుకొని మందకు కొన్ని తరములు విడిచినవాడగును. గ్రీకులు కర్రతో నిలిపిన విజయచిహ్నమువలె, తన గెలుపునకు ఒక హద్దు కలదని అతడు ఒప్పుకొన్నాడు.

కాళిదాసు శాకుంతలములో ద్వితీయాంకమున దుష్యంతుడు వేట చాలించును. సేనాపతి వేటగుణములను ఎంత పొగడినను వినక, అడవిని శాంతిగా ఉండనిమ్మని ఆజ్ఞాపించును. ఆ ఆజ్ఞలో ఆయన మొట్టమొదట తలచుకొన్నది లేడిని కాదు, వరాహమును కాదు. నీటిపట్టులలో దిగి కొమ్ములతో జలమును చిమ్ము మహిషములను. కొమ్ములకు ఆ కవి చూపిన పని అది. టేపునకు అందని ఆ కొమ్ములు కూడ మహిషము ఘనతకు ఒక కొలతయే.